జొన్నచేను మీద బల్లకట్టు

మా సైట్‌ను కంపెనీ కాగితాల్లో ఆఫ్‌షోర్ అని రాస్తారు. సముద్రం ఇక్కడికి ఎంత దూరమో మాత్రం అడగకండి. చుట్టూ టేకు, మద్ది, ఇప్ప చెట్ల అడవి. అడవి మధ్యలో రిజర్వాయర్. ఆ నీళ్ల నడుమ గొలుసులతో కట్టి నిలిపిన పెద్ద ఇనుప బల్లకట్టు, దాని మీద తెల్లటి పెట్టెల్లో బ్యాటరీలు. చుట్టూ నీళ్ల మీద తేలే సోలార్ పలకలు. పగలు పలకలు చేసిన కరెంటును పెట్టెలు దాచుకుంటాయి, పొద్దుగూకాక ఒడ్డుకు పంపుతాయి. ముందుముందు సముద్రం మీద చేయబోయే పెద్ద పనిని కంపెనీ ఇక్కడ చిన్న ఎత్తున చేసి చూసుకుంటోంది. ఇల్లందు బస్సులో ఒకసారి కండక్టర్ ఏం పని చేస్తారని అడిగితే అమాయకంగా ఇదంతా చెప్పాను. "సముద్రం ఏడున్నది మేడం, బస్టాండ్ ఎనుకనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ, ఆ రోజు నాక్కూడా నవ్వొచ్చింది.

మాది తిరుమలాయపాలెం దగ్గర ఒక పల్లె. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లం. మిర్చి, పత్తి తప్ప ఇంట్లో వేరే మాట ఉండేది కాదు. నేను ఇంజనీరింగ్ చదివి, పాల్వంచలో థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూంలో కొన్నేళ్లు షిఫ్టులు చేశాను. కిటికీలు లేని గది. బయట వాన పడుతోందో లేదో, షిఫ్టు మారడానికి వచ్చినవాళ్ల చెప్పులు చూసి తెలుసుకునేవాళ్లం. జీతం వేళకు వచ్చేది, పని నేర్పారు, వంక పెట్టడానికేం లేదు. అయినా ఆ గదిలో కూర్చున్నంతసేపూ నేను ఎక్కడో ఉండాల్సినదాన్ని ఇక్కడ ఉన్నానని అనిపించేది.

నీళ్లను చూస్తే నాకు ఒళ్లు తెలియదు. చిన్నప్పుడు కాలువ గట్టున కూర్చుంటే అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చేది. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఈ రిజర్వాయర్ మీద పడేశారు. చలికాలం పొద్దున బల్లకట్టు మీద నిలబడితే ఒడ్డు కనిపించేది కాదు. మంచు నీళ్లను ఆనుకుని పాకుతూ వచ్చి నా బూట్ల దగ్గర ఆగేది. బ్యాటరీ పెట్టెల ఫ్యాన్లు నిద్రలో మనిషి ఊపిరి తీసినట్టు సన్నగా మోగేవి. నీళ్లలోంచి ఎప్పటివో ఎండిన చెట్ల మోళ్లు పైకి లేచి ఉండేవి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకునేవి. కాసేపటికి పలకలు తేలుతున్నాయో, నేను తేలుతున్నానో తెలిసేది కాదు. వాకీటాకీలో ఎవరో పిలిచేవారు. ఉలిక్కిపడి వెళ్లి మీటర్లు చూసుకునేదాన్ని.

అప్పటికి నేను మేనేజర్‌ని కాదు. ఉన్నాయన మధ్యలో మానేసి వెళ్లిపోతే, "కొన్నాళ్లు నువ్వు చూస్తూ ఉండమ్మా" అన్నారు హైదరాబాద్ ఆఫీసులోని పెద్దసారు. ఇన్‌చార్జి అని పేరు పెట్టారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఏదైనా చెడితే అది ఇన్‌చార్జి నెత్తిన పడుతుంది, బాగైతే హైదరాబాద్ ఖాతాలోకి పోతుంది. ఒక బోల్టు మార్చాలన్నా ఫోన్ చేసి అడగాలి. ఎవరు ఏది అడిగినా నా నోట ఒకటే మాట వచ్చేది: "నాదేం లేదు, కంపెనీ చెప్పాలి." చెప్పి చెప్పి ఆ మాట నా నాలుక మీద కూర్చుండిపోయింది.

కానీ ఆ మేనేజర్ పోస్టు నాకు కావాలి. సిగ్గుపడకుండా చెప్తున్నాను, చాలా కావాలి. ఆ నీళ్లను వదిలి మళ్లీ కిటికీలు లేని గదికి వెళ్లడం నావల్ల కాదు. దానికి ఒక పరీక్ష ఉంది. ఒడ్డున ఉన్న కోయ గూడేనికి ఒక సాయంత్రమంతా మెయిన్ లైన్ ఆపేసి, మా బల్లకట్టు మీది బ్యాటరీల నుంచే కరెంటు ఇచ్చి చూపించాలి. గూడెం మొత్తం వాడుకోవాలి, సరఫరా ఎక్కడా తెగకూడదు. అది సవ్యంగా జరిగితే సైట్ నాది. జరగకపోతే రాబోయే సముద్రం సైట్ కోసం పెట్టుకున్న ఇంకో ఆయన వస్తాడు.

మమ్మల్ని రోజూ బల్లకట్టు మీదికి తీసుకెళ్లే పడవాయనది ఆ గూడెమే. నడివయసు మనిషి, మాట తక్కువ. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనతో నాకు రెండే పేచీలు. ఒకటి, పడవను ఎప్పుడూ తిన్నగా నడపడు. ఎదురుగా బల్లకట్టు కనిపిస్తూనే ఉంటుంది, ఈయన ఎడమకు పోతాడు, ఉన్నట్టుండి మళ్లుతాడు, నీళ్లలో మూల తిరిగి కుడికి వస్తాడు. అడుగున బండలున్నాయేమో అనుకుని ఊరుకున్నాను. రెండోది, చలికాలంలో ఒకసారి నా టిఫిన్‌లోని చిక్కుడుకాయ కూర పెట్టబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకా మాకు కొత్తలు కాలే మేడం. దేవతకు పెట్టకముందు తినం."

కొత్తలంటే నాకు తెలియనిదేం కాదు. ఆ గూడెంలో చిక్కుడైనా, మామిడైనా, ఇప్పపువ్వైనా, ఆ ఏటి కొత్త పంటను ముందు ముత్యాలమ్మ గద్దె దగ్గర పెట్టి పండుగ చేసుకునేదాకా ఎవరూ నోట పెట్టరు. పోనీలే అని కూరంతా నేనే తిన్నాను. కొంచెం అలిగాను కూడా.

ఎండలు మొదలై నీళ్లు తగ్గుముఖం పట్టాక పరీక్ష పెట్టుకున్నాం. ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పాను. ఈ సాయంత్రం పాత లైన్ ఆగుతుంది, నీళ్ల మీది బల్లకట్టు నుంచి కరెంటు వస్తుంది, లైట్లు, ఫ్యాన్లు, టీవీలు అన్నీ వేసుకోండి అన్నాను. అందరూ సంతోషంగా తలూపారు. ఒకావిడ నా చేతికి ఇప్పపూలు కూడా ఇచ్చింది. పొద్దుగూకింది. లైన్ మార్చాం. ఒడ్డున మా రేకుల గదిలో తెర ముందు కూర్చుని, గూడెం వాడకం, అంటే లోడ్, చూపించే అంకె పైకి కదలడం కోసం చూస్తున్నాను. అంకె సున్నా దగ్గరే ఉంది. తెరను తట్టాను. వైరు కదిపాను. సున్నా.

విసిగిపోయి మెయిన్ లైన్ తిరిగి ఇచ్చాం. ఇచ్చామని అరిచి చెప్పిన మరుక్షణం గూడెమంతా లైట్లు వెలిగాయి. ఇంకేం అనుమానం, తప్పు మా కేబుల్లో ఉంది. మర్నాడు కేబుల్‌ను పడవ మీదికి లాగి అతుకు అతుకూ విప్పి చూశాం. బాగానే ఉంది. మళ్లీ పరీక్ష, మళ్లీ సున్నా, మళ్లీ పాత లైన్ ఇవ్వగానే ఊరంతా వెలుగు. బ్రేకర్ మార్చాం. మీటర్ మార్చాం. బల్లకట్టు మీద కాపలా ఉండే టెక్నీషియన్ కుర్రాడికి నిద్రలో కూడా వైర్లే కనిపించాయట. నాకు కలలో సున్నాలు కనిపించేవి. పెద్దవి, గుండ్రటివి, నీళ్ల మీద తేలుతూ నా వైపు వచ్చేవి.

చివరికి ఒక సాయంత్రం తెర ముందు కూర్చోకుండా గూడెంలోకి నడిచాను. మొదటి ఇంటి గుమ్మం దగ్గర టెస్టర్ పెట్టి చూస్తే కరెంటు ఉంది. రెండో ఇంట్లోనూ ఉంది. స్విచ్చులన్నీ కిందికి దించి ఉన్నాయి. ఆడవాళ్లు పొయ్యి వెలుగులో వంట చేసుకుంటున్నారు, మగవాళ్లు చీకట్లో మంచాల మీద కూర్చుని హాయిగా మాట్లాడుకుంటున్నారు. లైట్లు ఎందుకు వేయలేదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏస్తం మేడం, ఏస్తం," అన్నాడు ఒక ముసలాయన, నన్ను ఓదారుస్తున్నట్టు.

భయపడుతున్నారనుకున్నాను. మంచం ఎక్కి నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. బ్యాటరీలు పేలవు, షాక్ కొట్టదు, నీళ్లలోకి కరెంటు దిగదు, చేపలు చావవు. నా జన్మలో అంత ఓపికగా ఎప్పుడూ మాట్లాడలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు, బాగా చెప్పినవన్నారు. ఎవరూ స్విచ్ వేయలేదు.

ఆ సంగతి ఫోన్లో చెప్తే పెద్దసారు నవ్వలేదు. "ఊరివాళ్ల చేత ఒక స్విచ్ వేయించలేనిదానివి సైట్ ఏం నడుపుతావమ్మా? సముద్రం సైట్ ఆయన బయలుదేరుతున్నాడు. రాగానే చార్జ్ ఇచ్చేసి నువ్వు హైదరాబాద్ వచ్చెయ్." ఫోన్ పెట్టేశాక నేను ఏడ్చాను. కోపంతో వచ్చిన ఏడుపో, దిగులుతో వచ్చిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, రెండూ.

మర్నాడు మధ్యాహ్నం, చార్జ్ ఇవ్వడానికి సామాను సరిచూసుకుందామని పడవ ఎక్కాను. నీళ్లు కదలడం లేదు. ఆకాశం ఏది, అడుగు ఏది అని తేడా లేకుండా అంతా ఒకే రంగు. పడవాయన ఎప్పటిలాగే ఎడమకు తిప్పాడు. నా ఒంట్లో మిగిలిన కోపమంతా ఆయన మీదికి పోయింది.

"ఎదురుగా కనపడుతోంది కదన్నా! ఎందుకిట్లా ఊరంతా తిప్పుతావు? ఇక్కడ బండ కూడా లేదు!"

ఆయన తెడ్డు ఆపి నన్ను వింతగా చూశాడు. "బండ ఎందుకుంటది మేడం? అది చేను. చేనుకడ్డంగ పోతమా? గట్టెంబడి పోవాలె గద."

"ఏం చేను?"

"మా అవ్వోళ్ల జొన్నచేను. డ్యామ్ కట్టకముందు." తెడ్డుతో నీళ్ల మీద గీత గీసి చూపించాడు. "ఇగో గిట్ల గట్టు. ఆడ మూలకు మద్దిచెట్టు, గా మోడు గదే. మీ బల్లకట్టు నడిమి చేన్ల ఉన్నది."

నేను నీళ్లలోకి వంగి చూశాను. ఏమీ కనిపించలేదు, ఆకుపచ్చటి చీకటి తప్ప. కానీ ఇన్ని నెలలుగా నేను తిరిగిన మూలలన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందు చదరంగా కూడుకున్నాయి. మా గొలుసులు దిగింది ఆ చేలోకి. మా పలకలు పరిచింది దాని మీద. పడవ పక్కన జొన్నకంకులు గాలికి ఊగుతున్నట్టే అనిపించింది, వాటి మీదుగా మేం చప్పుడు లేకుండా పోతున్నట్టు. ఎంతసేపు అలా చూస్తూ ఉన్నానో తెలియదు. చిక్కుడుకాయ కూర ముందు వెనక్కి తీసుకున్న ఆయన చేయి గుర్తొచ్చింది.

"అన్నా," అన్నాను, "మా కరెంటుకు కొత్తలు కాలేదా?"

"అవ్, కాలే," అన్నాడు. అంతే.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్తం మేడం? పండించినోళ్లే తెచ్చి పెట్టాలె. మా దేవతకు పెట్టుండ్రి అని అడిగి తెప్పించుకుంటే అది పండుగెట్ల అయితది, అడుక్కున్నట్టు అయితది. మీరు సేద్యగాండ్ల బిడ్డనే గదా, ఎరుకుంటదనుకున్నం."

పడవను వెనక్కి తిప్పించాను. గట్టు వెంటే.

వాళ్ల అవ్వ ఇంటి ముందు ఇప్పపూలు ఆరబెడుతోంది. బక్కపలచటి మనిషి, కళ్లు మాత్రం చురుకు. వాళ్లు తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు. నాతో తెలుగులోనే మాట్లాడింది. నేను పక్కన గొంతుకూర్చుని, కొత్తలు పెట్టడానికి ఏం చేయాలవ్వా అని అడిగాను. అడగడమే ఆలస్యమన్నట్టు మొహమంతా విచ్చుకుంది.

"ఆ చేన్ల పంట చూసి ఎన్నేండ్లాయె బిడ్డా. నేను కొత్త పెండ్లిదాన్ని అప్పుడు. జొన్న కోసి ఇంటికి తెచ్చుకున్నదే ఆఖరు." పూలను చేత్తో పల్చగా పరిచింది. "కరెంటైతేంది, కందులైతేంది? ఆ నేల మీద వచ్చింది. ముందుగాల తల్లికి పెట్టాలె. పండించినోళ్లను తోలుకరా. ఎవలు పండించిండ్రు?"

"కంపెనీ," అన్నాను. అలవాటైన మాట, దానంతట అదే వచ్చేసింది.

"కంపెనీ వస్తదా?"

"రాదవ్వా."

"మరి ఎవలొస్తరు?"

ఆ ముసలావిడ నన్ను పరీక్షించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. ఎవరికి విస్తరి వేయాలి, ఎవరి చేత పెట్టించాలి, అంతే ఆమెకు కావలసింది. హైదరాబాద్ నుంచి పెద్దసారు రారు. సముద్రం ఆయనకు ఈ చేను తెలియదు. ఎండలో ఆ పలకలు తుడిపించింది, వానలో గొలుసులు బిగించింది, చీకటి పడితే పెట్టెల ఊపిరి వింటూ కూర్చున్నది ఎవరు? నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేనొస్తానవ్వా. నేనే పండించాను."

"అట్లయితే ఇయ్యాలనే పెడదాం, జల్దీ పో, తానం చేసి రా," అంది, ఇంతేనా అన్నట్టు.

గద్దె గూడెం చివర ఉంది, చివరి స్తంభానికి దగ్గరే. అక్కడ ఒక బల్బు పెట్టాలంటే స్తంభం నుంచి కొత్తగా వైరు లాగాలి. ప్లానులో లేని వైరు. పాత అలవాటుతో ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, హైదరాబాద్ నంబర్ కూడా తెర మీదికి వచ్చింది. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. స్తంభం దగ్గర సరఫరా ఆపి, వైరు నేనే లాగాను, రక్షణ స్విచ్ నేనే బిగించాను, రెండుసార్లు సరిచూశాను. అనుమతి ఇచ్చినవారు అన్నచోట నా పేరు రాశాను. ఎవరినీ అడగలేదు. అది మాత్రం నాకు ఆశ్చర్యమే.

పొద్దుగూకే వేళకు గూడెమంతా వచ్చింది. కొత్త కుండలో అన్నం ఉడికింది, కోడిని కోశారు, డోళ్లు మోగాయి. మెయిన్ లైన్ ఆపించాను. అడవి మీద నుంచి వెలుగు జారిపోతోంది. నీళ్ల మీద ఇంకా కొంచెం మిగిలి ఉంది, బల్లకట్టు తెల్లటి మచ్చలా కనిపిస్తోంది. అవ్వ నా మణికట్టు పట్టుకుని స్విచ్ దగ్గరికి తీసుకెళ్లింది.

"మీరే వేయండవ్వా, భూమి మీది."

"భూమి మాది, సాగు నీది. పాలుకు చేసినట్టే. సాగు చేసినోళ్లే పెట్టాలె."

వేశాను. చిన్న బల్బు. గద్దె మీద పసుపు, కుంకుమ, కింద నేల, నేల మీద అవ్వ పాదాలు కనిపించాయి. డోళ్లు ఆగాయి. అవ్వ వంగి, ఆ వెలుగు పడిన నేలను అరచేత్తో తాకి కళ్లకు అద్దుకుంది. తర్వాత ఒకరి వెనుక ఒకరు అందరూ అలాగే చేశారు. పడవాయన చేశాడు. నేనూ చేశాను. మట్టి ఇంకా ఎండకు వెచ్చగా ఉంది. నాకు మా చేను గుర్తొచ్చింది, నేనెప్పుడూ దిగని మా మిర్చి చేను.

జనం ఇళ్ల వైపు నడిచారు. ఒక గుమ్మం వెలిగింది, తర్వాత ఇంకోటి, ఎక్కడో టీవీలో పాట మొదలైంది. తెర సంగతే నేను మర్చిపోయాను. బల్లకట్టు మీది కుర్రాడు వాకీటాకీలో కేకలు పెడుతున్నాడు. "మేడం, లోడ్ వస్తుంది! ఎక్కుతుంది మేడం, ఎక్కుతుంది!" ఆ సాయంత్రం ఆఖరి వరకూ సరఫరా ఒక్కసారి కూడా తెగలేదు.

అవ్వ నాకు మోదుగాకుల విస్తరి వేసి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ముద్ద కలుపుతుంటే, "ప్రతి ఏడూ నువ్వే తేవాలె బిడ్డా. మర్శిపోకు," అంది. నన్ను పంపించేసే మనిషి అప్పటికే దారిలో ఉన్నాడు. ఆమెకు అది తెలియదు. తెస్తానన్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండా మాటిచ్చేశాను, ఇచ్చాక కడుపునిండా తిన్నాను.

సైట్ మేనేజర్‌గా ఆర్డర్ ఆ తర్వాతెప్పుడో మెయిల్లో వచ్చింది, ఆ రోజు ఏం చేశానో కూడా గుర్తు లేదు. గుర్తున్నది మర్నాటి పొద్దున. సముద్రం సైట్ ఆయన జీపు దిగాడు. మంచి మనిషే, అలసిపోయి ఉన్నాడు. టీ ఇచ్చి, చార్జ్ ఇవ్వనని చెప్పాను. పరీక్ష అయిందని, కాగితాలు హైదరాబాద్‌కు పంపానని, నేను ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, వింతగా తోచింది.

"అంత పట్టుదల ఎందుకండీ? ఏముంది ఇక్కడ?"

"చేను ఉందండీ. వచ్చే ఏడు మళ్లీ కొత్తలు పెట్టాలి," అన్నాను.

ఆయన నా చూపు వెంటే నీళ్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు పాపం. అక్కడ ఆయనకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.